సగంలో ఆగిన డౌన్‌లోడ్‌ని చెరిపేయకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ. లైనక్స్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటున్నాం, మధ్యలో నెట్ పోయింది, ఇప్పుడేం చేయాలి అని. వానలు మొదలైతే మన తిరుపతి, చిత్తూరు వైపు నెట్ రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో నాకూ తెలుసు కాబట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేశాను. కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాశాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. ఆప్ట్ గెట్, ఆప్ట్ ఆఫ్‌లైన్, ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ, ఫిక్స్ బ్రోకెన్ అనే పేర్లలో మాటల మధ్య ఖాళీ కాకుండా డాష్ పెట్టాలి.

ప్రశ్న: అక్కా, నేను ఎంసీఏ చదువుతూ బైరాగిపట్టెడలో హాస్టల్లో ఉంటున్నాను. ఉబుంటులో జావా, దాంతోపాటు ఇంకొన్ని ప్యాకేజీలు పెడుతుంటే 87 శాతం దగ్గర వైఫై పోయింది. సిస్టమ్ పాడైపోతుంది, ముందు క్లీన్ కొట్టి మొదటినుంచి మొదలుపెట్టు అని రూమ్మేట్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, లాప్‌టాప్ ముట్టుకోకుండా పక్కన పెట్టేశాను. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, క్లీన్ మాత్రం కొట్టొద్దు. నెట్ వచ్చాక ఇందాక ఏ కమాండ్ కొట్టావో మళ్లీ అదే కొట్టు, అంతే. పైకి బాణం ఉన్న కీ నొక్కితే పాత కమాండ్ దానంతటదే వస్తుంది. నీ సిస్టమ్‌కి ఏమీ కాలేదు.

ప్యాకేజీ మేనేజర్ చేసే పని ఒకటి కాదు, రెండు. ముందు తెస్తుంది, తర్వాత బిగిస్తుంది. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల్లో ఉండే ప్యాకేజీ మేనేజర్ పేరు ఆప్ట్, అది మామూలుగా కావలసిన ఫైళ్లన్నీ చేరేదాకా బిగించే పని మొదలే పెట్టదు. ఇల్లు కట్టేచోటికి వస్తున్న ఇటుకల లారీ రేణిగుంట రోడ్డు మీద ఆగిపోయిందనుకో, అప్పటికే లేచిన గోడకి ఏమవుతుంది? మేస్త్రి కాసేపు ఖాళీగా కూర్చుంటాడు, అంతే కదా. నీకు జరిగింది అదే, లారీ ఆగింది. గోడ సగంలో ఆగడం వేరే సంగతి, దాని గురించి కింద చిత్తూరు మాస్టారి ఉత్తరంలో చెప్తాను.

నమ్మకం కుదరకపోతే నీ కళ్లతోనే చూసుకో. వార్ అనే ఫోల్డర్‌లో క్యాష్, అందులో ఆప్ట్, అందులో ఆర్కైవ్స్ అని ఉంటుంది. పూర్తిగా దిగిన ఫైళ్లు, పేరు చివర డెబ్ అని ఉండేవి, వరసగా అక్కడ కనిపిస్తాయి. దాని లోపలే పార్షియల్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, మామూలుగా తెరవనివ్వదు, కమాండ్ ముందు సుడో, అంటే అడ్మిన్ అధికారంతో నడపమనే మాట, పెట్టి చూడాలి. వైఫై పోయిన క్షణంలో ఏ ఫైలు దిగుతోందో అది సగం సైజుతో అందులో కూర్చుని ఉంటుంది. 40 ఎంబీ ఫైల్లో 23 ఎంబీ వచ్చి ఉంటే ఆ 23 అక్కడే భద్రంగా ఉంటాయి, లాప్‌టాప్ ఆపేసి రేపు పెట్టినా ఉంటాయి.

ఇప్పుడు నువ్వు కమాండ్ మళ్లీ కొట్టగానే ఆప్ట్ చెప్పే లెక్క జాగ్రత్తగా చదువు. మొత్తం ఇంత, అందులో ఇంకా తేవలసింది ఇంత అని రెండు అంకెలు పక్కపక్కన చూపిస్తుంది. పూర్తిగా వచ్చిన ఫైళ్లను ఆ లెక్కలోంచి ముందే తీసేసి ఉంటుంది. ఇక సగంలో ఉన్న ఫైలు విషయంలో సర్వర్‌ని అడిగే తీరే వేరు, నా దగ్గర ఇన్ని బైట్లు ఉన్నాయి, ఆ తర్వాతి బైటు నుంచి పంపు అని అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటే 206 అనే నంబరుతో జవాబిచ్చి మిగతా ముక్క మాత్రమే పంపుతుంది. ఈ ఏర్పాటు 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నాటి నుంచీ ఉంది, కొత్తదేమీ కాదు. అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లు గాలిగోపురం దగ్గర కూర్చుని నీళ్లు తాగి అక్కడినుంచే పైకి వెళ్తారు, మళ్లీ కిందికి దిగి ఒకటో మెట్టు నుంచి ఎక్కరు కదా.

నీకు ఇంకో అనుమానం రావచ్చు. నువ్వు ఆపిన చోటికి, మళ్లీ మొదలుపెట్టిన చోటికి మధ్యలో సర్వర్‌లో ఆ ఫైలే మారిపోతే పాత సగం, కొత్త సగం అతుక్కుపోవా? దానికీ కాపలా ఉంది. అడిగేటప్పుడే ఆప్ట్ ఫైలు తేదీ కూడా చెప్తుంది, ఈ తేదీ ఫైలు అయితేనే మిగతాది పంపు, మారి ఉంటే మొత్తం పంపు అని. అది కూడా తప్పిపోయిందనుకున్నా చివర్లో ఇంకో గేటు ఉంది. ప్రతి ప్యాకేజీకి షా 256 అని 64 అక్షరాల వేలిముద్ర ఒకటి ముందే జాబితాలో ఉంటుంది, ఆ జాబితా మీద డెబియన్ వాళ్లదో ఉబుంటు వాళ్లదో డిజిటల్ సంతకం ఉంటుంది. దిగిన ఫైలుకి ఆ వేలిముద్ర సరిపోతేనే పార్షియల్ ఫోల్డర్‌లోంచి బయటికి వస్తుంది. ఒక్క బిట్ తేడా ఉన్నా వేలిముద్ర మొత్తం మారిపోతుంది. కాబట్టి సగం ఫైలు పొరపాటున సిస్టమ్‌లోకి ఎక్కేస్తుందేమో అనే భయం అక్కర్లేదు.

ఒకవేళ రెండు మూడు వారాలు వదిలేసి తర్వాత మొదలుపెడితే 404 అని ఎర్రర్ రావచ్చు. అలా వస్తే, ఆ వెర్షన్ సర్వర్‌లోంచి తీసేసి కొత్తది పెట్టి ఉంటారు, నీ దగ్గరున్న జాబితా పాతది. ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టు, తర్వాత నీ కమాండ్ కొట్టు.

మీ రూమ్మేట్ చెప్పిన క్లీన్ సంగతి. ఆప్ట్ గెట్ క్లీన్ అంటే ఆర్కైవ్స్‌లో ఉన్నవీ, పార్షియల్‌లో ఉన్నవీ అన్నీ తుడిచేస్తుంది. డిస్కులో చోటు లేనప్పుడు అది మంచి కమాండే, కానీ నెట్ పోయినప్పుడు కొట్టాల్సింది కాదు. 2021 నవంబరులో తిరుపతిలో వరద వచ్చింది గుర్తుందా, వీధుల్లో నీళ్లు నిలబడి మా ఇంట్లో కేబుల్ నెట్ నాలుగు రోజులు లేదు. అప్పుడు పక్కింటి అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్ష ఉందని, ఒక పాత లాప్‌టాప్‌లో ఉబుంటు వేసి ఫోన్ హాట్‌స్పాట్‌తో కావలసినవి దించుతున్నాను. సిగ్నల్ వస్తూ పోతూ రాత్రి పదకొండింటికి 900 ఎంబీ దాకా వచ్చింది. ఒక ఎర్రర్ కనబడగానే చేతికి అలవాటైన పని, క్లీన్ కొట్టేశాను. ఆ 900 ఎంబీ పోయింది, ఆ రోజు డేటా కూడా అయిపోయింది, ఆ పిల్ల పొద్దున్నే లేచి వచ్చి అక్కా అయిందా అని అడిగితే ఇంకా లేదమ్మా అని చెప్పాల్సి వచ్చింది. అప్పటినుంచీ ఎవరు అడిగినా మొదట చెప్పే మాట ఇదే, ఉన్నది చెరపొద్దు. చోటు కోసమే అయితే ఆటోక్లీన్ కొట్టు, అది సర్వర్‌లో ఇక దొరకని పాత వెర్షన్లను మాత్రమే తీసేస్తుంది.

ప్రశ్న: మేడమ్, చిత్తూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. 30 సిస్టమ్‌లు, అన్నిట్లో ఉబుంటు. ఒకేసారి అప్‌గ్రేడ్ పెడితే నెట్ పాకుతుంది, సగం సిస్టమ్‌లు ఫెయిల్ అవుతాయి. దానికి తోడు కరెంటు. పోయిన నెల అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయి నాలుగు సిస్టమ్‌లు ఏది పెట్టబోయినా ఎర్రర్ చూపిస్తున్నాయి. ఫార్మాట్ చేయక తప్పదా?

జవాబు: సార్, ఫార్మాట్ వద్దు. ముందు ఆ నాలుగు సిస్టమ్‌ల సంగతి చూద్దాం. అవి డౌన్‌లోడ్ మధ్యలో ఆగినవి కావు, బిగించే మధ్యలో ఆగినవి, పైన చెప్పిన సగం గోడ. ప్యాకేజీని విప్పి ఫైళ్లు వాటి స్థానాల్లో పెట్టే పని డీపీకేజీ అనే ప్రోగ్రామ్‌ది. ఏ ప్యాకేజీ ఎంతవరకు వచ్చిందో, విప్పడం అయిందా, సర్దడం సగంలో ఉందా అని అది ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుంటుంది, అందుకే కరెంటు పోయినా తిరిగి అందుకోగలదు. సుడో డీపీకేజీ, తర్వాత రెండు డాష్‌లు పెట్టి కాన్ఫిగర్, ఖాళీ వదిలి డాష్ ఏ. మీ ఎర్రర్ మెసేజ్‌లోనే ఈ కమాండ్ రాసి ఉంటుంది చూడండి, కంగారులో మనం చదవం. అది అయ్యాక సుడో ఆప్ట్, రెండు డాష్‌లతో ఫిక్స్ బ్రోకెన్, ఇన్‌స్టాల్. నూటికి ఇన్ని అని చెప్పను గానీ నేను చూసిన చాలా సిస్టమ్‌లు ఈ రెండు కమాండ్లతోనే లేచి కూర్చున్నాయి.

ఇకమీదట ఇలా కాకుండా ఉండాలంటే తేవడాన్నీ బిగించడాన్నీ మీరే విడదీయండి. అప్‌గ్రేడ్ కమాండ్‌కి డాష్ డీ తగిలిస్తే డౌన్‌లోడ్ మాత్రమే చేసి ఆగిపోతుంది. దాన్ని ఏ వేళలోనైనా పెట్టుకోండి, కరెంటు పది సార్లు పోయినా నష్టం లేదు, మళ్లీ కొడితే మిగతాది వస్తుంది. అన్నీ దిగాక, యూపీఎస్ నిండుగా ఉన్నప్పుడు డాష్ డీ లేకుండా అదే కమాండ్ కొట్టండి. నెట్‌తో పని లేదు కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. ప్రమాదం ఉండేది ఆ కాసేపే, ఆ కాసేపటికి యూపీఎస్ చాలు.

30 సిస్టమ్‌ల బరువు మాత్రం వేరే. ఒక్కోదానికి 400 ఎంబీ అనుకున్నా మొత్తం 12 జీబీ, అందులో 11 జీబీకి పైగా మళ్లీ మళ్లీ అవే ఫైళ్లు. ఇది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే దీనికి మందు ఉచితంగా దొరుకుతోంది, చాలా ల్యాబుల్లో దాని పేరే వినలేదు. ఆప్ట్ క్యాషర్ ఎన్‌జీ అని ఉంటుంది. ల్యాబ్‌లో ఒక్క సిస్టమ్‌లో దాన్ని ఇన్‌స్టాల్ చేయండి, 3142 పోర్టు మీద కూర్చుంటుంది. మిగతా 29 సిస్టమ్‌లలో ఈటీసీ లోపల ఆప్ట్, దాని లోపల ఆప్ట్ డాట్ కాన్ఫ్ డాట్ డీ అనే ఫోల్డర్‌లో చిన్న ఫైలు పెట్టి, ఒక్క లైనులో ఆప్ట్ ప్రాక్సీగా ఆ సిస్టమ్ అడ్రస్, పోర్టు నంబరు రాయండి. ఆ తర్వాత మొదట అడిగిన సిస్టమ్ కోసం ఒక్కసారి బయటినుంచి ఫైలు వస్తుంది, మిగతావాటికి ల్యాబ్ కేబుల్ మీదే అందుతుంది. ఒక్క జాగ్రత్త, హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌తో ఉన్న రెపోలను, అంటే ప్యాకేజీలు ఉంచే సర్వర్లను, అది మామూలు సెట్టింగ్‌లో దాచుకోలేదు. ఉబుంటు సొంత రెపోలు చాలాచోట్ల ఇప్పటికీ హెచ్‌టీటీపీతోనే ఉంటాయి కాబట్టి మీ పని జరిగిపోతుంది. 12 జీబీ దిగేచోట 400 ఎంబీ, ఆ పైన కొంచెం.

ఇంకోటి, మీరు పెన్‌డ్రైవ్‌లో డెబ్ ఫైళ్లు పట్టుకెళ్లి వేరే సిస్టమ్‌కి ఇద్దామనుకుంటే ఆప్ట్ బదులు ఆప్ట్ గెట్ వాడండి. ఆప్ట్ అనే కొత్త కమాండ్ ఇన్‌స్టాల్ సరిగా అయిపోగానే దించిన ఫైళ్లను చెరిపేస్తుంది, ఆప్ట్ గెట్ ఉంచుతుంది.

ప్రశ్న: అక్కా, మాది పుత్తూరు. ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి 1.5 జీబీ. ప్రాజెక్టుకి పైటార్చ్ కావాలి. పిప్ ఇన్‌స్టాల్ కొడితే పెద్ద ఫైలు 600 ఎంబీ దాకా వచ్చి తెగిపోతుంది, మళ్లీ కొడితే సున్నా నుంచి. మూడు రోజుల డేటా ఇలాగే పోయింది. ఏడుపొస్తోంది.

జవాబు: చెల్లెమ్మా, తప్పు నీది కాదు. పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు తెచ్చే వేరే ప్రోగ్రామ్, పైన ఆ తమ్ముడికి ఆప్ట్ గురించి చెప్పినదంతా దానికి వర్తించదు. పిప్ చాలా ఏళ్లు సగంలో తెగిన ఫైలుని పారేసేది. కనెక్షన్ దొరక్కపోతే ఐదుసార్లు ప్రయత్నిస్తుంది గానీ, ఫైలు దిగుతూ ఉండగా తెగితే ఎర్రర్ ఇచ్చి ఊరుకునేది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 25.1 వెర్షన్‌లో మొదటిసారి ఆగినచోటు నుంచి అందుకునే సౌకర్యం పెట్టారు, ఆ వెర్షన్‌లో రెండు డాష్‌లతో రెస్యూమ్ డాష్ రిట్రైస్ అని రాసి ఎన్నిసార్లు ప్రయత్నించాలో అంకె ఇవ్వాలి, 25.2 నుంచి ఇవ్వకపోయినా ఐదుసార్లు ప్రయత్నిస్తుంది. కాబట్టి ముందు పిప్‌నే అప్‌గ్రేడ్ చేసుకో, అది రెండు ఎంబీ కూడా ఉండదు. టైమవుట్ కూడా మామూలుగా 15 సెకన్లే, హాట్‌స్పాట్ మీద అది చాలదు, రెండు డాష్‌లతో టైమవుట్ అని 100 ఇచ్చుకో.

అయితే ఈ అందుకోవడం ఆ ఒక్క రన్ నడుస్తున్నంతసేపే. ఈరోజు ఆపేసి రేపు డేటా వచ్చాక మొదలుపెడదామంటే కుదరదు. నీకు కావలసింది అదే కదా, రోజుకి కొంచెం చొప్పున దించుకోవడం. దానికి డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ కమాండ్ ఉంది. ముందు పిప్ కొట్టినప్పుడు స్క్రీన్ మీద డౌన్‌లోడింగ్ అని ఒక ఫైలు పేరు వస్తుంది, చివర డాట్ డబ్ల్యూహెచ్ఎల్ అని ఉంటుంది, దాన్ని వీల్ ఫైలు అంటారు. పేరులో సీపీ 312 అని ఉంటే పైథాన్ 3.12 కోసం అని, నీ పైథాన్ వెర్షన్‌తో సరిచూసుకో. పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే పీవైపీఐ సైట్లో టార్చ్ డౌన్‌లోడ్ పేజీలో అదే పేరున్న ఫైలు లింకు కాపీ చేసుకుని డబ్ల్యూగెట్ డాష్ సీ, ఆ పక్కన లింకు పేస్ట్ చేసి కొట్టు. డేటా అయిపోతే కంట్రోల్ సీ నొక్కి ఆపేయ్. రేపు అదే ఫోల్డర్‌లోకి వెళ్లి అదే కమాండ్ కొడితే నిన్న ఆగిన బైటు నుంచే మొదలవుతుంది. మొత్తం దిగాక పిప్ ఇన్‌స్టాల్ అని ఆ ఫైలు పేరు ఇస్తే దాన్ని మళ్లీ దించకుండా బిగిస్తుంది, దానికి కావలసిన మిగతా లైబ్రరీలను మాత్రం అప్పుడు తెచ్చుకుంటుంది. ఫైలు పేరు మార్చకు, పిప్ ఆ పేరు చదివే అది ఎవరి కోసమో తెలుసుకుంటుంది. పూర్తయిన ఫైలు వేలిముద్రని షా256సమ్ (ఒకే మాటగా) కమాండ్‌తో తీసి, ఆ డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చినదానితో ఒకసారి పోల్చుకోవడం మంచిది. డబ్ల్యూగెట్‌కి ఆప్ట్‌లా వేలిముద్ర జాబితా ఉండదు, నువ్వే సరిచూసుకోవాలి.

ఇంతకీ అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది. నీ లాప్‌టాప్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉందా? లేకపోతే ఆ పెద్ద ఫైలుతో నీకు పనే లేదు. లైనక్స్‌లో ఉత్తినే పిప్ ఇన్‌స్టాల్ టార్చ్ అంటే ఎన్‌విడియా కార్డుకి కావలసిన లైబ్రరీలన్నీ వెంటేసుకుని వస్తుంది, అవన్నీ కలిపితే జీబీల్లోకి పోతుంది. పైటార్చ్ వాళ్ల సైట్లో ఇన్‌స్టాల్ పేజీలో సీపీయూ అని ఎంచుకుంటే వేరే కమాండ్ ఇస్తుంది, అందులో వచ్చే ఫైలు చాలా చిన్నది, నీ ఒక రోజు డేటాలో సరిపోతుంది. కాలేజీ ప్రాజెక్టుకి అది చాలు. మూడు రోజులు డేటా పోగొట్టుకోకముందే నీకు ఈ ముక్క ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం వాడేవాళ్లకి ఇంత కష్టం లేదు. అక్కడ ప్యాకేజీలు చిన్న చిన్నవి వందలకొద్దీ ఉంటాయి, తెగితే ఆ ఒక్క చిన్నది మళ్లీ వస్తుంది, పూర్తిగా వచ్చినవి క్యాష్‌లో ఉంటాయి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ చెరిపినా పర్వాలేదు, క్యాష్ చెరపకండి.

ప్రశ్న: సార్ లేదా మేడమ్, శ్రీకాళహస్తి నుంచి రాస్తున్నాను. లాడ్జి వైఫైతో పని చేసుకుంటుంటే ఆప్ట్‌లో హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ అని వస్తోంది. వైరస్సా?

జవాబు: వైరస్ కాదండీ. పైన చెప్పిన వేలిముద్ర కుదరలేదు అని ఆప్ట్ చెప్తోంది, అంటే తప్పు ఫైలుని గేటు దగ్గరే ఆపేసింది. మీరు లాడ్జి వైఫై అన్నారు కాబట్టి కారణం దాదాపు అక్కడే ఉంటుంది. లాడ్జిల్లో, హాస్టళ్లలో ముందు ఫోన్ నంబరు కొట్టి లాగిన్ అవ్వాలి. ఆ లాగిన్ గడువు అయిపోయిందంటే, ఆప్ట్ ప్యాకేజీ అడిగితే ఆ వైఫై ప్యాకేజీ బదులు లాగిన్ పేజీని పంపిస్తుంది. అప్‌డేట్ కొట్టినప్పుడు నోస్ప్లిట్ అనే మాట, ఈ నెట్‌వర్క్‌కి లాగిన్ కావాలా అనే ప్రశ్న కనిపిస్తే ఇక సందేహమే లేదు. బ్రౌజర్ తెరిచి మళ్లీ లాగిన్ అయ్యి, సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, మీ కమాండ్ కొట్టండి. అయినా వస్తే ఒకసారి ఫోన్ డేటాతో ప్రయత్నించండి, మధ్యలో ఉన్న ఏదో ప్రాక్సీ పాత కాపీ ఇస్తూ ఉండవచ్చు. సర్వర్‌లో కొత్త ఫైళ్లు మారుస్తున్న సమయంలో కూడా ఇలా వస్తుంది, గంట ఆగితే పోతుంది. చెకింగ్ ఆపేసే సెట్టింగులు ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాస్తుంటారు, వాటి జోలికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: మదనపల్లె నుంచి. ఇన్‌స్టాల్ ఆగిపోయాక మళ్లీ కొడితే లాక్ దొరకలేదు అంటోంది. లాక్ ఫైలు డిలీట్ చేయమని ఒక వీడియోలో చెప్పారు, చేయొచ్చా అన్నా?

జవాబు: అన్న కాదు, అక్కని. చేయొద్దు. ఆ ఫైలు ఉండటమే లాక్ పడినట్టు కాదు, ఒక ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని ఉంటేనే లాక్. ఆ ప్రోగ్రామ్ ఆగిపోతే, కరెంటు పోయినా సరే, లాక్ దానంతటదే పోతుంది. అంటే ఇప్పుడు ఎవరో పట్టుకుని ఉన్నారన్నమాట. ఉబుంటులో అయితే చాలాసార్లు అది వెనకాల తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటున్న అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్. ఎర్రర్‌లోనే ఏ ప్రాసెస్ పట్టుకుందో నంబరు ఉంటుంది, చదువు. టీ తాగి వచ్చి మళ్లీ కొట్టు. ఫైలు డిలీట్ చేసేస్తే రెండు ప్రోగ్రామ్‌లు ఒకేసారి డీపీకేజీ పుస్తకంలో రాయడం మొదలుపెడతాయి, అప్పుడు నిజంగానే పాడవుతుంది.

ప్రశ్న: కుప్పం దగ్గర పల్లె. ఇంటి దగ్గర సిగ్నల్ ఒక్క గీత. టౌనుకి వెళ్తే ఫ్రెండ్ ఇంట్లో మంచి నెట్ ఉంది, కానీ నాది డెస్క్‌టాప్, మోసుకెళ్లలేను.

జవాబు: మోయక్కర్లేదు, పెన్‌డ్రైవ్ చాలు. ఆప్ట్ ఆఫ్‌లైన్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, ఆ ఒక్క గీత సిగ్నల్ మీదే అది మాత్రం ఓపిగ్గా వేసుకో, చిన్నదే, తెగినా ఆప్ట్ అందుకుంటుంది. తర్వాత ఆప్ట్ ఆఫ్‌లైన్ సెట్ అనే కమాండ్‌తో నీ డెస్క్‌టాప్‌కి ఏమేం కావాలో చీటీ రాయించుకో, అంగడికి సరుకుల చీటీ రాసినట్టే. ఆ చీటీ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఫ్రెండ్ ఇంటికి పట్టుకెళ్లి అక్కడ ఆప్ట్ ఆఫ్‌లైన్ గెట్‌కి ఆ చీటీ పేరు, తర్వాత రెండు డాష్‌లతో బండిల్ అని రాసి జిప్‌కి ఒక పేరు ఇచ్చి కొడితే చీటీలో ఉన్నవన్నీ దించి ఆ పేరుతో జిప్ చేసిస్తుంది. ఇంటికొచ్చి ఆప్ట్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాల్‌కి ఆ జిప్ ఇవ్వు, అందులోవి ఆప్ట్ దగ్గరికి చేరతాయి. ఆ తర్వాత మామూలుగా ఆప్ట్ కమాండ్ కొడితే నెట్ అడక్కుండానే బిగిస్తుంది. జాబితాలు ముందు, ప్యాకేజీలు తర్వాత తెచ్చుకోవాలి కాబట్టి మొదటిసారి రెండు బస్సు ట్రిప్పులు పట్టొచ్చు.

ప్రశ్న: అమ్మా, నాకు కంప్యూటర్ తెలియదు. చిత్తూరులో చిన్న అంగడి ఉంది. మా అబ్బాయి ఇంజనీరింగ్, వాడు రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లోనే పెట్టి పడుకుంటాడు. ఆపితే దిగేదంతా పోతుంది నాయనా అంటాడు. నిజమా, నన్ను మభ్యపెడుతున్నాడా?

జవాబు: అయ్యా, మభ్యపెట్టడం లేదు, వాడు నిజంగానే అలా నమ్ముతున్నాడు. చాలామంది పిల్లలు అదే అనుకుంటారు. ఈ పేజీ వాడికి చూపించండి, కింది ముక్క వాడి కోసమే రాస్తున్నాను.

బాబూ, ఆప్ట్‌తో దించేటప్పుడు సిస్టమ్ ఆపినా దిగింది పోదు, రేపు అక్కడినుంచే వస్తుంది, పైన అంతా చెప్పాను. రాత్రిపూట నెట్ బాగుంటుంది కాబట్టి అప్పుడే దించాలంటే, అయిపోగానే సిస్టమ్ దానంతటదే ఆగిపోయేలా పెట్టి పడుకో. ముందు సుడో డాష్ ఐ కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చి రూట్‌లోకి, అంటే పూర్తి అధికారం ఉన్న ఖాతాలోకి, వెళ్లు. అక్కడ ఆప్ట్ గెట్ డాష్ డీ డాష్ వై అప్‌గ్రేడ్, తర్వాత సెమీకోలన్, తర్వాత పవర్‌ఆఫ్ (ఒకే మాటగా). డాష్ డీ ఉంది కాబట్టి నువ్వు నిద్రలో ఉండగా ఏదీ బిగించదు. డాష్ వై మరిచిపోతే అవునా కాదా అని అడిగి పొద్దున దాకా నీ జవాబు కోసం చూస్తూ కూర్చుంటుంది. ముందే రూట్‌లోకి వెళ్లమన్నది ఎందుకంటే, రెండో కమాండ్ ముందు కూడా సుడో పెడితే మామూలుగా 15 నిమిషాలు దాటాక మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగేసరికి నువ్వు నిద్రపోయి ఉంటావు, సిస్టమ్ తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటుంది. సెమీకోలన్ బదులు రెండు యాంపర్‌శాండ్లు పెట్టావంటే డౌన్‌లోడ్ ఫెయిలైన రాత్రి ఆగదు, సెమీకోలనే పెట్టు. పొద్దున లేచాక, కరెంటు ఉన్నప్పుడు, అదే అప్‌గ్రేడ్ డాష్ డీ లేకుండా కొట్టుకో.